కంప్యూటర్ సందేహాలు: అప్‌గ్రేడ్ సగంలో నిలబడిపోయిన పాత ల్యాప్‌టాప్‌లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది మీద ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్ మొదలుపెట్టడం, అది సగంలో నిలబడిపోవడం. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాం. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. చిన్న గీత, ఏటవాలు గీత, ఖాళీ ఇక్కడ ఎక్కడ ఉంటే అక్కడే ఉండాలి.

ప్రశ్న: సార్, మా ల్యాప్‌టాప్ 2013లో కొన్నది. కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఉబుంటు 20.04 నుంచి 22.04కి అప్‌గ్రేడ్ చేస్తా ఉంటే, డౌన్‌లోడ్ అంతా అయిపోయినాక ఫైర్‌ఫాక్స్ అనే పేరు దగ్గర నిలబడిపోయింది. గంటలకొద్దీ కదల్లేదు. ఇంట్లో ఆఫ్ చేసి వేయమన్నారు, నేను చేయలేదు. తెల్లారేసరికి ఎట్లో అయిపోయింది. ఇప్పుడు మా చెల్లెలి ల్యాప్‌టాప్‌కి కూడా ఇదే చేయాల. మళ్లీ అట్లా నిలబడితే ఆఫ్ చేయొచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: చేయకూడదు. మీరు ఆఫ్ చేయకపోవడం వల్లే అప్‌గ్రేడ్ ఒడ్డున పడింది. 22.04 నుంచి ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ స్నాప్ (స్నాప్ స్టోర్ అనే విడి చోటు నుంచి దిగే మూట) రూపంలో వస్తోంది. అప్‌గ్రేడ్ ముందుగా దించుకున్న ఫైళ్లలో ఉండే ఫైర్‌ఫాక్స్ ప్యాకేజీ (ప్రోగ్రామ్ ఫైళ్ల మూట) పేరుకు మాత్రమే ప్యాకేజీ. దాన్ని విప్పే సమయంలో అది స్నాప్ స్టోర్‌కి వెళ్లి అసలు బ్రౌజర్‌ను, దానికి తోడుగా కావాల్సిన మరికొన్ని స్నాప్‌లను అప్పటికప్పుడు దించుకుంటుంది. అన్నీ కలిపితే కొన్ని వందల ఎంబీలు. డౌన్‌లోడ్ అయిపోయిందని హాట్‌స్పాట్ తీసేసినా, ఆ రోజు డేటా అయిపోయి వేగం పడిపోయినా అప్‌గ్రేడ్ మొత్తం అక్కడే కాచుకుని కూర్చుంటుంది. చెల్లెలి ల్యాప్‌టాప్‌కి చేసేటప్పుడు చివరి రీస్టార్ట్ అడిగేదాకా నెట్ తీయకండి. స్నాప్ స్టోర్ అందడం లేదని చెప్పి రీట్రై, అబార్ట్, స్కిప్ అని మూడు దారులు చూపిస్తే, నెట్ బాగుచేసి రీట్రై కొట్టండి. నెట్ వచ్చే ఆశ లేకపోతే స్కిప్ కొట్టండి. అప్‌గ్రేడ్ ముగిశాక "సుడో స్నాప్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్" అంటే సరిపోతుంది. అబార్ట్ వద్దు.

ఫైర్‌ఫాక్సే కాదు, ఏ ప్యాకేజీ దగ్గర ఆగినా మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. మిషన్ పని చేస్తోందా, మన జవాబు కోసం ఎదురుచూస్తోందా, నిజంగానే ఆగిపోయిందా? ఈ మూడూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. పాత ల్యాప్‌టాప్‌లు పాడయ్యేది చాలావరకు మొదటి రెండింటినీ మూడోదిగా పొరబడి పవర్ బటన్ నొక్కిపట్టినప్పుడే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే నల్లని లాగిన్ తెర వస్తుంది. అప్‌గ్రేడ్‌కి దీనివల్ల ఏమీ కాదు. మీ పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి "టెయిల్ -5 /వార్/లాగ్/డీపీకేజీ.లాగ్" కొట్టండి. ప్యాకేజీలను విప్పి అమర్చే డీపీకేజీ అనే ప్రోగ్రామ్ రాసుకునే లాగ్‌లోని చివరి ఐదు వరుసలు వస్తాయి. ప్రతి వరుస మొదట్లో తేదీ, గంట, నిమిషం, సెకను, చివరివైపు ప్యాకేజీ పేరు, దాని వెర్షన్ ఉంటాయి. "డేట్" కొట్టి ఇప్పటి సమయంతో పోల్చండి. రెండు నిమిషాల తర్వాత మళ్లీ అదే చూడండి. కొత్త వరుస చేరితే పని జరుగుతున్నట్టే. చేరకపోతే "టాప్" కొట్టి పైన సీపీయూ వరుసలో డబ్ల్యూఏ అనే అంకె చూడండి. అది 60, 70 దగ్గర ఉంటే ప్రాసెసర్ ఖాళీగా ఉండి హార్డ్ డిస్క్ కోసం కాచుకున్నదని అర్థం. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పాత డిస్క్‌లో ఇది మామూలే. ముఖ్యంగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి తోడుండే ఫైలు, ఇనిట్‌ఆర్‌డీ అన్నా ఇదే) తయారయ్యేటప్పుడు ఒక్కో కెర్నల్‌కి (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) నిమిషాల తరబడి పడుతుంది. రెండు మూడు కెర్నళ్లు ఉంటే ఆ వరుస అన్నిసార్లు వస్తుంది. స్నాప్ సంగతి తెలియాలంటే "స్నాప్ చేంజెస్" కొట్టండి. ఎదురుగా డూయింగ్ అని ఉంటే ఇంకా దించుకుంటోంది.

డిస్క్ దీపం వెలగక, సీపీయూ కూడా ఖాళీగా ఉంటే ఎక్కడో ఒక ప్రశ్న మీకు కనపడకుండా ఉందేమో చూడండి. కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్2 గానీ ఎఫ్1 గానీ నొక్కి బొమ్మల తెరకి తిరిగి వెళ్లి, అప్‌గ్రేడ్ కిటికీ కింద టెర్మినల్ అనే మాట పక్కనున్న బాణం గుర్తు నొక్కండి. సెట్టింగ్ ఫైలు మారింది, పాతది ఉంచాలా కొత్తది పెట్టాలా అని అడుగుతూ వై, ఐ, ఎన్, ఓ, డీ, జెడ్ అక్షరాలు కనిపిస్తాయి. డీ కొడితే తేడా చూపిస్తుంది. ఆ ఫైలును మీరెప్పుడూ ముట్టుకోలేదంటే వై కొట్టి కొత్తది తీసుకోవచ్చు. డిస్‌ప్లే కోసం మీరు గ్రబ్ (ఆన్ కాగానే కెర్నల్‌ను నడిపించే ప్రోగ్రామ్) ఫైల్లో ఏదైనా మార్చి ఉంటే ఎన్ కొట్టి పాతదే ఉంచండి. ఊరికే ఎంటర్ కొడితే ఎన్ కిందే లెక్క. సర్వీసులు రీస్టార్ట్ చేయనా అని నీలం తెర వస్తే ట్యాబ్ మీటతో ఓకే మీదికి వెళ్లి ఎంటర్ కొట్టాలి. అక్కడ మౌస్ పనిచేయకపోవడంతో చాలామంది అది బిగుసుకుపోయిందనుకుంటారు.

గంట దాటినా లాగ్‌లో కొత్త వరుస లేదు, డిస్క్ కదల్లేదు, ప్రశ్న ఏదీ లేదు అంటే అప్పుడు నిజంగా ఆగినట్టు. అప్పుడైనా డీపీకేజీని నేరుగా చంపకూడదు. "పీఎస్ ఏఎక్స్‌ఎఫ్" కొడితే నడుస్తున్న పనులు తల్లీ పిల్లల వరుసలో కనిపిస్తాయి. డీపీకేజీ కింద చిక్కుకున్న స్క్రిప్టు పేరు పోస్ట్‌ఇన్‌స్ట్ అని గానీ ప్రీఇన్‌స్ట్ అని గానీ ముగుస్తుంది. దాని ముందున్న నంబరుతో "సుడో కిల్" కొట్టండి. -9 కలపకండి. ఆ ఒక్క ప్యాకేజీ విఫలమైనట్టు డీపీకేజీ రాసుకుని మిగతా పని కొనసాగిస్తుంది. మొత్తం ముగిశాక ఈ వరుసలో కొట్టండి: "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", "సుడో ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్", "సుడో ఏపీటీ అప్‌డేట్", "సుడో ఏపీటీ ఫుల్-అప్‌గ్రేడ్". లాక్ ఫైలు అడ్డొస్తే దాన్ని తుడిచేయమని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. లాక్ ఉందంటే దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ ఒకటి బతికే ఉంది. "సుడో ఫ్యూజర్ -వీ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంట్‌ఎండ్" దాని పేరు చెబుతుంది.

ఇంకో జాగ్రత్త. అప్‌గ్రేడ్ సగంలో చెడినా వెర్షన్ అడిగితే 22.04 అనే చెప్పవచ్చు, ఎందుకంటే ఆ సంఖ్య ఉండే ప్యాకేజీ ముందే మారిపోతుంది. పైగా 24.04 సిద్ధంగా ఉంది, వేయనా అని కూడా అడుగుతుంది. పైన చెప్పిన నాలుగు కమాండ్లూ ఒక్క తప్పూ చూపకుండా నడిచేదాకా దానికి ఒప్పుకోవద్దు.

కీబోర్డు కూడా స్పందించనట్టు కనిపిస్తే పవర్ బటన్ కన్నా మంచి దారి ఒకటుంది. ఆల్ట్, సిస్ఆర్‌క్యూ మీటలు పట్టుకుని ఎస్, యూ, బీ అక్షరాలను ఒక్కోదాని మధ్య కొన్ని సెకన్లు ఆగి నొక్కండి. సిస్ఆర్‌క్యూ అంటే ప్రింట్ స్క్రీన్ మీటే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. ఎస్ డిస్క్‌లోకి చేరని సమాచారాన్ని రాయిస్తుంది, యూ డిస్క్‌ను చదవడానికి మాత్రమే అన్నట్టు మారుస్తుంది, బీ రీబూట్ చేస్తుంది. ఉబుంటులో ఈ సదుపాయానికి మొదటినుంచీ ఉండే విలువ 176, అంటే 16, 32, 128 కలిపి. సరిగ్గా ఈ మూడు పనులకే అనుమతి. మిగతా అక్షరాలు నొక్కినా ఫలితం ఉండదు.

ప్రశ్న: మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉబుంటు 22.04 వేసినారు. 24.04కి వెళ్దామంటే /బూట్‌లో జాగా చాలదని ఆగిపోతుంది. డిస్క్‌లో 200 జీబీ ఖాళీ ఉంది కదా సార్? తోతాపురి సీజన్ మొదలయ్యేలోగా ఇది తేల్చుకోవాల.
– గుమాస్తా, చిత్తూరు

జవాబు: ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్‌తో తాళం వేసిన) డిస్క్‌లో /బూట్ విడి పార్టిషన్, అంటే వేరు చేసిన భాగం. తాళం తీయకముందే కెర్నల్ దొరకాలి కాబట్టి దాన్ని బయట పెడతారు. మిగతా డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా దానికి అందదు. "డీఎఫ్ -హెచ్ /బూట్" కొడితే నిండిన శాతం తెలుస్తుంది. కెర్నల్, దాని ఇనిట్‌ఆర్‌డీ కలిపి ఒక్కో జతకి 100 ఎంబీ పైనే పడుతుంది. పాతవి నాలుగైదు పేరుకుంటే కొత్తదానికి చోటుండదు.

"యూనేమ్ -ఆర్" కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు కాగితం మీద రాసుకోండి. తర్వాత "సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్". ఎక్కువసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది. ఇంకా మిగిలితే "డీపీకేజీ -ఎల్" కమాండ్‌తో లైనక్స్-ఇమేజ్ అని మొదలయ్యేవి చూసి, నడుస్తున్నదీ దాని ముందుదీ ఉంచి తక్కినవాటిని పూర్తి పేరుతో "సుడో ఏపీటీ పర్జ్" కొట్టి తీసేయండి. /బూట్‌లోకి వెళ్లి ఫైళ్లను చేత్తో తుడవకండి. డీపీకేజీ లెక్కలో అవి ఉన్నట్టే ఉండి తర్వాతి అప్‌డేట్‌లో మళ్లీ తయారు చేయబోతుంది.

/బూట్ నూటికి నూరు శాతం నిండి ఏపీటీ కూడా నడవకపోతే మాత్రం ఒక మినహాయింపు. అన్నిటికన్నా పాత కెర్నల్ ఇనిట్‌ఆర్‌డీ ఫైలు ఒక్కదాన్ని ఎంవీ కమాండ్‌తో హోమ్‌లోకి జరపండి. నడుస్తున్న నంబరుది కాకుండా చూసుకోండి. ఆ చోటుతో "సుడో ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్" పూర్తవుతుంది. వెంటనే ఆ పాత కెర్నల్‌ను పర్జ్ చేసి, జరిపిన ఫైలును తుడిచేయండి.

పార్టిషన్ మరీ చిన్నదైతే /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్.కాన్ఫ్ ఫైల్లో మాడ్యూల్స్ ఎదురుగా మోస్ట్ ఉన్నచోట డెప్ అని మార్చి "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్" కొట్టండి. ఆ ల్యాప్‌టాప్‌కి కావాల్సిన డ్రైవర్లే చేరి ఫైలు బాగా చిన్నదవుతుంది. కానీ ఆ డిస్క్‌ను తీసి ఇంకో ల్యాప్‌టాప్‌లో పెడితే బూట్ కాకపోవచ్చు. ఆఫీసు మిషన్ కాబట్టి ఈ మార్పు చేసినట్టు ఎక్కడైనా రాసిపెట్టండి. లెక్కల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాకే ఇవన్నీ మొదలుపెట్టండి.

ప్రశ్న: లాడ్జి రిసెప్షన్‌లో పాత ల్యాప్‌టాప్. మే నెలలో మధ్యాహ్నం పూట అప్‌గ్రేడ్ పెడితే సగంలో దానంతటదే ఆరిపోయింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ మీదే నడుస్తుంది. కరెంటు మాత్రం పోలేదు. ఇప్పుడు ఆన్ చేస్తే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని బ్రాకెట్లో వచ్చి ఆగుతుంది. గెస్టుల ఫైళ్లు దక్కుతాయా?
– తిరుపతి

జవాబు: ఫైళ్లు దక్కే అవకాశం ఎక్కువే. అందుకని ముందు వాటి సంగతి చూడండి, అప్‌గ్రేడ్ తర్వాత. ఇంకో కంప్యూటర్‌లో ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని (8 జీబీది చాలు) దాంతో బూట్ చేసి, ట్రై ఉబుంటు ఎంచుకుని, ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. అక్కడే డిస్క్స్ అనే అప్లికేషన్ తెరిచి, మెనూలో స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) చూడండి. 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు, 197వది పెండింగ్ సెక్టార్లు, 198వది అన్‌కరెక్టబుల్. 197 గానీ 198 గానీ సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద ఇక మరమ్మతులేమీ చేయకండి. చెడిన చోట్లను మళ్లీ మళ్లీ చదివించేకొద్దీ పరిస్థితి దిగజారుతుంది. 199 మాత్రం పెరిగి తక్కినవి సున్నా ఉంటే లోపం డిస్క్‌ది కాకుండా కేబుల్‌దీ కనెక్టర్‌దీ అయి ఉండొచ్చు, తీసి గట్టిగా బిగించి చూడండి.

డిస్క్ బాగుందని తేలితే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తెర మీద పైన వచ్చిన మాటలు చదవండి. ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్ మీది ఫైళ్ల అమరికను సరిచేసే కమాండ్) చేత్తో నడపమని, ఏ పార్టిషనో కూడా అక్కడే ఉంటుంది. అది ఎస్‌డీఏ2 అయితే "ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2" కొట్టండి. ముగిశాక "రీబూట్". ఇప్పుడు పూర్తిగా లోపలికి రాకపోయినా ఫర్వాలేదు. ఆన్ అవుతున్నప్పుడు పాత బయాస్ (ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) మిషన్‌లో షిఫ్ట్ పట్టుకుని, దాని కొత్త రూపమైన యూఈఎఫ్‌ఐ ఉన్నదాంట్లో ఎస్కేప్ మీట తట్టితే గ్రబ్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి రికవరీ మోడ్ అని ఉన్న వరుస ఎంచుకోండి. ముందు నెట్‌వర్క్, తర్వాత డీపీకేజీ అనే వరుసలు నొక్కితే సగంలో ఉన్న ప్యాకేజీలు పూర్తవుతాయి. నెట్ కోసం లాన్ కేబుల్ పెట్టండి. రికవరీలో వైఫై మీద ఆధారపడలేం.

బూట్ సమయంలో కెర్నల్ ప్యానిక్ అని, చివర్లో అన్‌నోన్-బ్లాక్ (0,0) అని వస్తే భయపడకండి. కొత్త కెర్నల్ చేరింది, దాని ఇనిట్‌ఆర్‌డీ తయారయ్యేలోపే మిషన్ ఆరిపోయింది, అంతే. గ్రబ్‌లో పాత కెర్నల్‌తో లోపలికి వచ్చి "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -సీ -కే" తర్వాత కొత్త కెర్నల్ నంబరు, ఆపైన "సుడో అప్‌డేట్-గ్రబ్".

ఇక ఆరిపోవడానికి కారణం. కరెంటు పోలేదంటే వేడి మీదే మా అనుమానం. ప్యాకేజీలు విప్పేటప్పుడు, ఇనిట్‌ఆర్‌డీ కుదించేటప్పుడు ప్రాసెసర్ చాలాసేపు పూర్తి వేగంతో తిరుగుతుంది. గదిలోనే 40 డిగ్రీలు ఉండి, ఫ్యాన్ పక్కన గాలి బయటికి పోయే రాగి రెక్కల మధ్య దుమ్ము చాపలా పేరుకుని ఉంటే ప్రాసెసర్ 100 డిగ్రీలకి చేరి తనను తాను కాపాడుకోడానికి మిషన్ను ఆపేస్తుంది. అడుగు మూత తీసి ఆ రెక్కలను బ్రష్‌తో శుభ్రం చేయించి, థర్మల్ పేస్ట్ కొత్తది వేయించండి. పేస్ట్ బియ్యపు గింజంత చాలు. లోపలికి వెళ్లాక ఎల్ఎం-సెన్సార్స్ ప్యాకేజీ వేసి "సెన్సార్స్" కొడితే వేడి ఎంతుందో కనిపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడే 70 దాటితే అప్‌గ్రేడ్ జోలికి వెళ్లొద్దు. బ్యాటరీ లేని ల్యాప్‌టాప్‌కి ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గే వాడండి, తెల్లవారుజామున పెట్టండి.

డిస్క్ మార్చాల్సి వస్తే రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తీసుకోండి. అవి 7 మిల్లీమీటర్ల మందం, పాత ల్యాప్‌టాప్ గూడు చాలావరకు 9.5 మిల్లీమీటర్లకి చేసినది. మధ్యలో పెట్టే ప్లాస్టిక్ చట్రం అడిగి తీసుకోకపోతే కనెక్టర్ కదులుతుంది. ఐదారు వేలు పోసి ర్యామ్, బ్యాటరీ అన్నీ మార్చేకన్నా ముందు ఇదొక్కటి మార్చమనే చెబుతాం. అప్‌గ్రేడ్ గంటల పని నిమిషాల్లోకి వస్తుంది.

ప్రశ్న: మా బడికి ఎవరో ఇచ్చిన ఆరు ల్యాప్‌టాప్‌లలో రెండింటికి ఆన్ చేసిన ప్రతిసారీ 2009 సంవత్సరం చూపిస్తుంది. వాటిలోనే అప్‌డేట్ రావడం లేదు. రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు అంటుంది. సంబంధం ఉందా?
– ఉపాధ్యాయుడు, పలమనేరు

జవాబు: పూర్తిగా ఉంది. ఉబుంటు సర్వర్‌లోని రిలీజ్ ఫైలు మీద తేదీ, సంతకం ఉంటాయి. మిషన్ గడియారం 2009 అంటే ఆ ఫైలు భవిష్యత్తులోది అవుతుంది, ఏపీటీ ఒప్పుకోదు. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు కూడా అదే కారణంతో తిరగ్గొడతాయి. ఇప్పటికి నడిపించుకోడానికి బయాస్‌లోకి వెళ్లి తేదీ సరిచేసి, ఆఫ్ చేయకుండా అప్‌గ్రేడ్ ముగించండి. శాశ్వతంగా అయితే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చాలి. 3 వోల్టులది, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానికి ప్లాస్టిక్ తొడుగు, రెండు వైర్లు, చిన్న ప్లగ్గు ఉంటాయి. అలాంటిది వైర్లతో సహా కొనాలి, బిళ్ల మీద నేరుగా టంకం పెట్టనివ్వకండి.

ప్రశ్న: అప్‌గ్రేడ్ చివర్లో బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్ దగ్గర ఎర్రర్ వచ్చి ఆగింది. ఆ తర్వాత ఏది ఇన్‌స్టాల్ చేసినా అదే ఎర్రర్.
– పుత్తూరు

జవాబు: ఆ డ్రైవర్‌ను డీకేఎంఎస్ అనే ప్రోగ్రామ్ ప్రతి కొత్త కెర్నల్‌కీ మళ్లీ కంపైల్ చేస్తుంది. కొత్త కెర్నల్‌తో కుదరకపోతే ప్యాకేజీ సగంలో ఉండిపోయి ఏపీటీ మొత్తాన్ని అడ్డుకుంటుంది. ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ పెట్టుకోండి. "సుడో ఏపీటీ పర్జ్ బీసీఎండబ్ల్యూఎల్-కెర్నల్-సోర్స్", ఆపైన "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ". అప్‌గ్రేడ్ ముగిశాక అడిషనల్ డ్రైవర్స్ తెరిచి కొత్త వెర్షన్‌కి తగినది వేసుకోండి. పాత ఎన్‌విడియా డ్రైవర్లకూ ఇదే మందు.

ప్రశ్న: నా దాంట్లో లుబుంటు 18.04 ఉంది. 20.04 అసలు చూపించడమే లేదు. 2 జీబీ ర్యామ్.
– పీలేరు

జవాబు: "యూనేమ్ -ఎం" కొట్టండి. ఐ686 అని వస్తే మీది 32 బిట్ సిస్టమ్. ఉబుంటులో తేలిక రకమైన లుబుంటుకి 32 బిట్‌లో అదే చివరి ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు అందే వెర్షన్), ముందుకు దారి లేదు. అయితే "ఎల్ఎస్‌సీపీయూ" కూడా కొట్టి సీపీయూ ఆప్-మోడ్ వరుస చూడండి. అక్కడ 32, 64 రెండూ ఉంటే ప్రాసెసర్‌కి సత్తా ఉంది, అప్పట్లో ఎవరో 32 బిట్ వేశారన్నమాట. ఫైళ్లు బయటికి తీసి 64 బిట్ లుబుంటు కొత్తగా వేయండి. 32 ఒక్కటే ఉంటే డెబియన్ 12 (ఉబుంటు లాంటిదే ఇంకో ఉచిత సిస్టమ్) వేసుకోండి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు కాబట్టి 12 వేశాక 13కి అప్‌గ్రేడ్ చేయబోకండి. డెస్క్‌టాప్‌గా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ ఎల్ఎక్స్‌క్యూటీ గానీ ఎంచుకుంటే 2 జీబీలో నడుస్తుంది. బ్రౌజర్‌లో ఒకేసారి మూడు నాలుగు ట్యాబులకి మించి తెరవకుండా చూసుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) 2 జీబీ కేటాయించండి.